ట్వెల్వ్ ఏ కాలం

హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఏ జిరాక్సు షాపుకెళ్లి ‘ట్వెల్వ్ ఏ’ అన్నా చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. అది టోనర్ కార్ట్రిజ్ నంబరు. హెచ్‌పీ లేజర్‌జెట్ 1010, 1018, 1020, స్కానర్ కూడా ఉన్న ఎం1005, అన్నిటికీ అదే. క్యానన్ ఎల్‌బీపీ2900 కార్ట్రిజ్ మీద 303 అని ఉంటుంది కానీ లోపలి సరుకు ఇదే. హెచ్‌పీ పేరుతో వచ్చిన ఈ చిన్న ప్రింటర్ల ఇంజిన్ చేసిందీ క్యాననే మరి. 2005లో వచ్చిన 1020 ఇప్పటికీ జేఎన్‌టీయూ చుట్టుపక్కల కౌంటర్ల మీద పనిచేస్తోందంటే, ఇరుక్కున్న కాగితాన్ని తీసి, అరిగిన రోలర్ మార్చి, దాన్ని మళ్లీ నడిపించే చేతులు ఇక్కడ ఉండబట్టే. ఆ పనికీ ఒక చరిత్ర ఉంది.

లేజర్ ప్రింటర్ ఆలోచన 1969లో అమెరికాలో జిరాక్స్ కంపెనీ ఇంజనీరు గ్యారీ స్టార్క్‌వెదర్‌ది. ఆయన పనిచేసే వెబ్‌స్టర్ ల్యాబ్‌లోని పై అధికారులకు అది నచ్చలేదు. ఆయన 1971లో కాలిఫోర్నియాలోని ఆ కంపెనీ పరిశోధన కేంద్రానికి మారి అక్కడ పని పూర్తి చేశాడు. 1976లో ఐబీఎం తెచ్చిన 3800 లేజర్ యంత్రం మడతలు మడతలుగా వచ్చే తెగని కాగితం మీద అచ్చు వేసేది. మరుసటి ఏడాది వచ్చిన జిరాక్స్ 9700 విడి కాగితాల మీద నిమిషానికి 120 పేజీలు తీసేది. తెగని కాగితాన్ని అంచు పట్టుకుని లాగితే సరిపోతుంది. విడి కాగితాన్ని మాత్రం కట్టలోంచి ఒక్కటే వచ్చేలా విడదీయాలి, వంకర పోకుండా నడిపించాలి, డ్రమ్ము దగ్గరికి సరైన క్షణానికి చేర్చాలి. ఇందులో ఏది తప్పినా జామే. 1984లో హెచ్‌పీ తొలి లేజర్‌జెట్ 3,495 డాలర్లకు వచ్చింది. నిమిషానికి 8 పేజీలు. దాని లోపలా క్యానన్ ఇంజినే.

పేపర్ జామ్ ఒక ఉద్యమానికి, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమానికి, కూడా కారణమైంది. అమెరికాలో ఎంఐటీ ఏఐ ల్యాబ్‌లో పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే, ప్రింటు కోసం ఎదురుచూస్తున్న వాళ్లందరి కంప్యూటర్లకూ కబురు వెళ్లేలా అక్కడి ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ దాని ప్రోగ్రాం మార్చాడు. ఎవరో ఒకరు లేచి వెళ్లి కాగితం తీసేవారు. 1980 ప్రాంతంలో జిరాక్స్ ఇచ్చిన కొత్త లేజర్ ప్రింటర్‌కు అదే పని చేద్దామంటే సోర్స్ కోడ్ దొరకలేదు. కోడ్ ఉన్న మరో యూనివర్సిటీ పరిశోధకుడిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని ఒప్పందం చేసుకున్నానన్నాడు. ఆ తిరస్కారం స్టాల్‌మన్ మనసులో నాటుకుపోయింది. 1983లో ఆయన, ఎవరైనా కోడ్ చూసి మార్చుకోగల గ్నూ ప్రాజెక్టు ప్రకటించాడు. ఆ ఉద్యమం హైదరాబాద్‌కు వచ్చి ‘స్వేచ్ఛ’ సంస్థ రూపంలో తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసింది. మన 1020 విషయంలోనూ ఇలాంటిదే జరిగింది. లినక్స్‌లో దాన్ని నడిపించే డ్రైవర్‌ను రాసి పెట్టింది కంపెనీ బయటి ఔత్సాహికులు.

కూకట్‌పల్లికి యంత్రం విప్పడం కొత్తేమీ కాదు. పక్కనే బాలానగర్. ఒకప్పటి ఐడీపీఎల్ మందుల ఫ్యాక్టరీ, 1968లో మొదలైన టూల్ డిజైన్ కేంద్రం, వాటి చుట్టూ లేత్ మెషిన్ల షెడ్లు. 1972లో ఏర్పడిన జేఎన్‌టీయూ ఇక్కడ క్యాంపస్ కట్టుకుంది, హౌసింగ్ బోర్డు కాలనీ (కేపీహెచ్‌బీ) పెరిగింది. చదువూ కాపురాలూ ఒకచోట చేరాక కాగితం పనికి లోటేముంటుంది? టైపు మిషన్ల తర్వాత డాట్ మ్యాట్రిక్స్ వచ్చింది, ఆ తర్వాత డీటీపీ సెంటర్లు. పెళ్లికార్డులకీ కరపత్రాలకీ అను ఫాంట్లలో తెలుగు కొట్టి, ప్లేటు తీయడానికి బటర్ పేపర్ మీద లేజర్ ప్రింటు తీసేవారు. ఆ పల్చటి కాగితం, టోనర్‌ను కరిగించి అతికించే ఫ్యూజర్ వేడికి ముడుచుకుని చుట్టుకుపోయేది. దాన్ని చిరగకుండా బయటికి లాగడం నేర్చుకున్న డీటీపీ ఆపరేటర్లకు మామూలు ఏ4 జామ్ ఒక లెక్క కాదు.

1998 నవంబరులో ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక ఐటీ కారిడార్ వేగం పుంజుకుంది. ఉద్యోగం వెతుక్కునే కుర్రాళ్లు కేపీహెచ్‌బీ హాస్టళ్లలో దిగారు. రెజ్యూమెలు, సర్టిఫికెట్ కాపీలు, ఆఫర్ లెటర్లు, రెంటల్ అగ్రిమెంట్లు. ఆఫీసులు తీసేసిన పాత మెషిన్లకు కాలనీల షాపుల్లో గిరాకీ. విడిభాగాలకు మాత్రం సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే సీటీసీకి పోవాల్సిందే.

ఇక మరమ్మతు సంగతి. 1020 మీద స్క్రీన్ లేదు. ఉన్నవి రెండు దీపాలు. ఏం జరిగిందో అది చెప్పదు, మెకానిక్కే తెలుసుకోవాలి. ముందు ప్లగ్గు తీస్తాడు. పై మూత తెరిచి కార్ట్రిజ్ బయటికి తీసి, డ్రమ్ముకు వెలుతురు తగలకుండా పేపరు కప్పుతాడు. కాగితం ఎక్కడ ఆగిందో చూస్తే సగం రోగం తెలిసినట్టే. ట్రే దగ్గరే ఆగిందా, పికప్ రోలర్ నున్నబడి పట్టు పోయింది. రెండు మూడు కాగితాలు కలిపి లాగుతోందా, సెపరేషన్ ప్యాడ్ అరిగింది. లోపలికి వెళ్లి, బయటికొచ్చే చోట ముడతలు పడిందా, ఫ్యూజర్ మీది టెఫ్లాన్ పొర చిరిగిందో ప్రెషర్ రోలర్ పాడైందో చూడాలి. కాగితాన్ని రెండు చేతులతో రెండంచులూ పట్టుకుని సమంగా లాగుతాడు. ఒక మూల లాగితే చిరుగుతుంది. గోరంత ముక్క లోపల మిగిలి, కాగితాన్ని కనిపెట్టే చిన్న ప్లాస్టిక్ మీటను అదిమిపెడితే, లోపల ఏమీ లేకపోయినా ప్రింటర్ జామ్ అంటూనే ఉంటుంది. అందుకే తీసిన ముక్కలన్నీ బల్ల మీద పేర్చి, షీటు పూర్తయిందో లేదో చూస్తాడు.

పికప్ రోలర్‌కు రెండు పక్కలా చిన్న తెల్ల బిళ్లలుంటాయి. వాటిని జరిపి రోలర్‌ను కొంచెం తిప్పితే చేతికి వచ్చేస్తుంది. తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే కొన్నాళ్లు నడుస్తుంది, తర్వాత కొత్తది వేయాలి. టెఫ్లాన్ దగ్గర మాత్రం స్క్రూడ్రైవర్ మొన పెట్టకూడదు. ఆ పొర మీద ఒక్క గీత పడినా ప్రతి పేజీ మీదా మచ్చ వస్తుంది. చేతికంటిన పౌడర్ చన్నీళ్లతోనే కడుక్కోవాలి. టోనర్ వేడికి కరిగి అతుక్కునే రకం.

వానాకాలంలో జామ్‌లు ఎక్కువ. కొత్త రిమ్ములో కాగితానికి నాలుగైదు శాతం తేమే ఉంటుంది. కవరు చింపి కౌంటర్ కింద వదిలేస్తే గాలిలో చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, షీట్లు అతుక్కుంటాయి, ఫ్యూజర్ వేడికి అంచులు లేచిపోతాయి. 75 జీఎస్ఎం ఏ4 రిమ్ము దాదాపు 2.34 కిలోలు తూగుతుంది. పైసలు మిగులుతాయని అంతకన్నా పల్చటి కాగితం తెస్తే ఆ మిగులు రోలర్లకే పోతుంది. ఒకవైపు వాడేసిన కాగితాన్ని తిప్పి పెట్టడం ఇంకా ప్రమాదం. తీయడం మరిచిన ఒక్క పిన్ను చాలు డ్రమ్ము గీసుకుపోవడానికి.

కొన్నిచోట్ల జామ్ ఖరీదు వేరు. జేఎన్‌టీయూలు ప్రశ్నపత్రాలను ఆన్‌లైన్‌లో పంపి కాలేజీలోనే ప్రింటు తీయించే పద్ధతి తెచ్చాక, పరీక్షకు ముందు దొరికే ఆ కాసేపట్లో మెషిన్ ఆగితే ఊపిరాడదు. 2011లో మొదలైన మీసేవ కేంద్రాల్లో సర్టిఫికెట్లకు వాడేది ముందే అచ్చయి వచ్చే ప్రత్యేక కాగితం. అది నలిగితే మామూలు ఏ4 పెట్టి సరిపెట్టలేరు.

ట్వెల్వ్ ఏ కార్ట్రిజ్‌కు చిప్ లేదు. ఈ పాత ప్రింటర్ల దీర్ఘాయుష్షుకు అసలు కారణాల్లో అదొకటి. పిన్ను తీసి, పాత పౌడర్ దులిపి, కొత్తది నింపి, బ్లేడు మార్చి పెడితే ప్రింటర్ ఏమీ అడగదు. తర్వాతి మోడళ్లలో చిప్పులు చేరాయి. పౌడర్ నింపినా చిప్ మారిస్తేనే కొన్ని ఒప్పుకుంటాయి. రంగు ప్రింట్లకు షాపులు ఇంక్ ట్యాంక్ మెషిన్లు తెచ్చుకున్నాయి. నలుపు తెలుపు పనికి మాత్రం పాత లేజరే దిక్కు. దాని రోలర్లు, ప్యాడ్లు, టెఫ్లాన్లు సీటీసీలో ఇప్పటికీ దొరుకుతున్నాయి. ఒరిజినల్ కావాలా, లోకల్ కావాలా అని మాత్రం ముందే అడుగుతారు.