సంక్షేమాధికారి నుంచి మానవ వనరుల నిపుణుని దాకా: ఒక స్నాతకోత్తర విద్య పూర్వచరిత్ర

మానవ వనరుల నిర్వహణను పాశ్చాత్య నిర్వహణశాస్త్రం నుంచి దిగుమతి అయిన విషయంగా బోధించడం స్నాతకోత్తర తరగతుల్లో పరిపాటి. టేలర్‌తో మొదలై, హాథార్న్ ప్రయోగాల మీదుగా, 1984 నాటి హార్వర్డ్, మిషిగన్ నమూనాలకు చేరే క్రమం విద్యార్థులకు కంఠోపాఠం. అయితే భారతదేశంలో ఈ విద్యకు అంకురార్పణ జరిగింది నిర్వహణ సిద్ధాంతంలో కాదు, మేస్త్రీల దోపిడీపై జరిగిన విచారణలో.

వలసకాలపు మిల్లుల్లో కూలీలను పనిలో పెట్టేదీ తీసేదీ యజమాని కాదు. బొంబాయిలో జాబర్, బెంగాల్ జనపనార మిల్లుల్లో సర్దారు, దక్షిణాదిన మేస్త్రీ ఆ పెత్తనం చెలాయించారు. తెలుగు జిల్లాల నుంచి రంగూన్‌కు వెళ్ళిన కూలీలకు ముందుగా డబ్బిచ్చి ఓడ ఎక్కించినవారూ మేస్త్రీలే. పని దొరకాలంటే మామూలు, సెలవు ముగిసి తిరిగొస్తే మళ్ళీ మామూలు. 1929లో నియమితమైన విట్లీ కమిషన్ 1931 నాటి నివేదికలో ఈ పద్ధతికి స్వస్తి చెప్పి, కార్ఖానాల్లో శ్రామికాధికారులను నియమించాలని సూచించింది. ఆ అధికారి జనరల్ మేనేజరుకు తప్ప మరెవరికీ లోబడి ఉండరాదన్నది కమిషన్ అభిప్రాయం.

మరి అటువంటివారికి శిక్షణ ఎక్కడ? బొంబాయి నాగ్‌పాడాలో సేవాకేంద్రం నడిపిన క్లిఫర్డ్ మాన్షార్ట్ తొలి డైరెక్టరుగా 1936లో మొదలైన సర్ దొరాబ్జీ టాటా సమాజసేవా విద్యాలయమే నేటి టాటా సామాజిక శాస్త్రాల సంస్థ. ఉక్కు పట్టణం జంషెడ్‌పూర్‌లో 1949లో జెస్యూట్లు నెలకొల్పిన సంస్థ పేరులోనే శ్రామిక సంబంధాలు ఉన్నాయి. ఈ రెంటి నడుమ వచ్చిన 1948 ఫ్యాక్టరీల చట్టం, 49వ సెక్షను ద్వారా, 500 మందికి తక్కువ కాకుండా పనిచేసే ప్రతి కార్ఖానాలో సంక్షేమాధికారి ఉండాలని నిర్దేశించింది. అర్హతలను రాష్ట్ర ప్రభుత్వాలు నిర్ణయించాయి. ఆ విధంగా పట్టాకు గిరాకీ తెచ్చింది చట్టమే.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. సంక్షేమాధికారికి జీతమిచ్చేది యజమాని. కానీ కార్మికులపై క్రమశిక్షణ చర్యలు చేపట్టరాదనీ, యాజమాన్యం పక్షాన వారికి వ్యతిరేకంగా న్యాయస్థానంలో హాజరుకారాదనీ పలు రాష్ట్రాల నియమాలు నిషేధించాయి. ఉప్పు తిన్నవాడు తటస్థంగా ఉండాలన్నమాట! ఆచరణలో అదే వ్యక్తి సిబ్బంది అధికారి బాధ్యతలూ మోయవలసి రావడంతో ఆ నిషేధం తరచు కాగితానికే పరిమితమైంది. పాఠ్యగ్రంథాలు దీనిని ‘పాత్రల సంఘర్షణ’ అనే ఒక్క మాటలో తేల్చివేస్తాయి.

1974-75లో లార్సెన్ అండ్ టూబ్రో సంస్థ కోసం ఉదయ్ పారీక్, టి.వి. రావు రూపొందించిన మానవ వనరుల అభివృద్ధి వ్యవస్థ మరో దారి తెరిచింది. సామర్థ్యాల పెంపు, పనితీరు మదింపు అధ్యయన కేంద్రానికి వచ్చాయి. సరళీకరణ అనంతరం ‘సిబ్బంది నిర్వహణ’ అన్న పేరే అరుదైంది. టాటా సంస్థ మాత్రం తన కోర్సు పేరులో మానవ వనరుల సరసన శ్రామిక సంబంధాలనూ నిలుపుకుంది. అది కేవలం నామకరణ విషయం కాదు. క్షేత్రశిక్షణ కార్మికవాడలో జరగాలా, కార్పొరేట్ కార్యాలయంలోనా అన్న ప్రశ్న దానితో ముడిపడి ఉంది.

2020 నాటి వృత్తిపర భద్రతా స్మృతి సంక్షేమాధికారి నియామకానికి 500గా ఉన్న పరిమితిని 250కి తగ్గించింది. అధికారి అర్హతలు, విధులను మళ్ళీ నియమాలకే విడిచిపెట్టింది. న్యాయస్థానపు గడప విషయంలో పాత నిషేధం ఆ నియమాల్లో ఎంతవరకు మిగులుతుందన్నది పరిశోధకులు రాష్ట్రాలవారీగా పరిశీలించవలసిన అంశం.