స్పర్శ పోయినా పోని నొప్పి

ఈ నూరేండ్ల పండుగ సంచికలో దేవాలయముల పునాదిరాళ్లను గురించి, గంట గోపురములను గురించి, తొలి బోధకులను గురించి వ్రాయువారు ఉన్నారు. అవి వ్రాయవలసినవే. మేము మాత్రము మన ప్రాంతపు మిషన్ సేవతో విడదీయరాని ఒక వ్యాధిని గురించి, అది నరములకు చేయు హానిని గురించి, ఆ హానిని వైద్యులు కొద్దికొద్దిగా ఎట్లు అర్థము చేసికొన్నారో దానిని గురించి నాలుగు మాటలు వ్రాయదలచినాము. ఇందుకు కారణము మన సంఘములోని ఒక అవ్వ.

ఆమె ఆరాధనకు అందరికంటె ముందు వచ్చి, అందరికంటె వెనుక కూర్చుండునది. చిన్నతనములో కుష్ఠు వ్యాధి సోకి, మిషన్ ఆసుపత్రిలో చాలకాలము మందు తిని, పూర్తిగా నయమై వచ్చిన మనిషి. చేతి వేళ్లు వంకర తిరిగినవి, పాదములకు స్పర్శ పోయినది. అంతకుమించి వ్యాధి లేదు. అయినను ఆరాధన ముగిసిన తరువాత ఎవరు పలుకరించినా ఆమె చెప్పునది ఒక్కటే: కాళ్లు మండుచున్నవని. "అవ్వా, నీకు ఎప్పుడో నయమైనది గదా, ఇంకెక్కడి మంట?" అని మేము అడిగితిమి. ఆమె ఇచ్చిన జవాబు మాకు ఇప్పటికిని జ్ఞాపకమే.

"నయమైంది బిడ్డా. కాలు కింద నిప్పు పెట్టినా నాకు తెలువది. గాని రాత్రి పండుకుంటే అదే కాలు మండుతది. తెలువని కాలు ఎట్ల మండుతదో మీరే చెప్పున్రి."

మేము చెప్పలేకపోతిమి. ముసలితనపు మాటలని ఒకరు నవ్వినారు, విశ్వాసము చాలదని ఒకరు అన్నారు. ఆమె ప్రశ్నకు జవాబు వైద్య గ్రంథములలో అప్పటికే ఉన్నది. దానిని తెలిసికొనుటకు మనము పూనుకొనలేదు, అంతే.

కుష్ఠు అను మాట బైబిలులో ఉన్నందున మనకు ఆ వ్యాధి తెలిసినట్లే అనుకొందుము. పాత నిబంధనలోని ఆ మాట అనేక చర్మరోగములకు, బట్టలకు, గోడలకు పట్టు మచ్చలకు సహితము వాడబడినది. మనము ఎరిగిన కుష్ఠు వ్యాధికి మూలమైన సూక్ష్మక్రిమిని 1873లో నార్వే దేశపు బెర్గెన్ పట్టణములో గెర్హార్డ్ ఆర్మవర్ హాన్సెన్ అను వైద్యుడు కనుగొన్నాడు. అంతవరకు అది వంశపారంపర్యమని పెద్ద పెద్ద వైద్యులే నమ్మినారు. శాపము కాదు, వంశదోషము కాదు, ఒక క్రిమి అని తేలినది. కాని దానిని చంపు మందు దొరకుటకు ఇంకను డెబ్బది ఏండ్లు పట్టినది.

ఈ కథలో మన తెలుగు నేలకు చోటు ఉన్నది. 1907లో స్కాట్లండు నుండి డాక్టర్ ఇసబెల్ కెర్ దొరసానిగారు తన భర్త జార్జి కెర్ దొరగారితో నిజామాబాదుకు వచ్చినారు. ఊరి బయట, చెట్ల క్రింద బ్రతుకుచున్న కుష్ఠు రోగులను చూచి వారికొక చోటు కావలెనని తలచినారు. ధనము ఇచ్చినవారిలో ముఖ్యుడు క్రైస్తవుడు కాడు, ఆ ప్రాంతపు ధనికుడైన రాజా నర్సాగౌడ్ గారు. అట్లు డిచ్‌పల్లిలో విక్టోరియా ఆసుపత్రి వెలసినది. ఆ దినములలో ఉన్న మందు అడవి బాదము నూనె. దానిని సూదితో చర్మములోనికి, కండలోనికి ఎక్కించుచుండిరి. సూది వేసిన చోట వాచి బాధించినను, రోగులు వారము వారము వరుసలో నిలిచి చేయి చాచిరి. కెర్ దొరసానిగారు 1932లో ప్రభునందు నిద్రించినారు.

డిచ్‌పల్లిలో 1920 దశకములో పనిచేసిన వైద్యులలో జాన్ లో అను పేరుగల ఒకరుండిరి. ఆయన పిదప కలకత్తాకును, అటుపిమ్మట ఆఫ్రికాలోని నైజీరియాకును వెళ్లినారు. 1941లో అమెరికాలోని కార్విల్ ఆసుపత్రిలో ప్రోమిన్ అను మందు రక్తనాళము ద్వారా ఇచ్చి మేలు చూచినారు. ఆ మందు జాతికే చెందిన డాప్సోన్‌ను చవుకైన మాత్రగా నోటి ద్వారా ఇయ్యవచ్చునని 1940 దశకపు చివర నైజీరియాలో చూపినవారిలో ఈ జాన్ లో గారు ముఖ్యులు. మన డిచ్‌పల్లి వార్డులలో రోగుల చేతులు పట్టి చూచిన మనిషే ఆ మాత్రను పేదల చేతికి అందించుటకు దారి తీసినారని తలచిన మనకు సంతోషము కలుగుట సహజము.

క్రిమి చచ్చుటకు దారి దొరకినది. మరి వంకర తిరిగిన చేతులు, అరిగిపోవు వేళ్ల సంగతి ఏమి? మాంసము తనంతట తానే కుళ్లి రాలునని లోకమంతయు నమ్మినది. ఆ నమ్మకమును పడగొట్టినవారు డాక్టర్ పాల్ బ్రాండ్. ఆయన 1914లో తమిళనాట కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు పుట్టినారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చినారు. చెంగల్పట్టులో డాక్టర్ కాక్రేన్ గారి ఆశ్రమము చూడబోయినప్పుడు, వేళ్లు వంగిపోయిన ఒక రోగి ఆయన చేతిని బిగించి పట్టుకొన్నాడట. ఆ పట్టులో ఎంతో బలము కనబడినది. చేయి చావలేదు, కొన్ని నరములు మాత్రమే చచ్చినవని ఆయనకు తట్టినది. బాగుగానున్న కండర నరమును పనిచేయని వేలికి కలిపి కుట్టి, రోగులు మరల అన్నము కలుపుకొనునట్లు, పలుగు పట్టుకొనునట్లు చేసినారు.

మరియొకసారి తుప్పు పట్టిన తాళమును బ్రాండ్ గారు తిప్పలేకపోగా, పది పన్నెండేండ్ల పిల్లవాడు ఒక్క విసురుతో తిప్పినాడు. నేల మీద రక్తము బొట్లు పడినవి. చూడగా వేలు ఎముక వరకు తెగియున్నది, పిల్లవానికి ఏమియు తెలియదు. రాత్రి ఉన్న వేలి కొన ఉదయమునకు లేకపోవుటకు కారణము వెదకగా, నిద్రలో ఎలుకలు కొరుకుచున్నవని తేలినది. అప్పుడు సత్యము బయటపడినది. వేళ్లను తినునది వ్యాధి కాదు. నొప్పి తెలియనందున కలుగు గాయములు, కాలుటలు, పుండ్లు వాటిని తినుచున్నవి. కావలివాడు లేని ఇంటిలో దొంగలు పడినట్లు, నొప్పి లేని అవయవము పాడగుచున్నది.

ఆ కావలివానిని చేతితో తయారు చేయవలెనని బ్రాండ్ గారు 1966లో కార్విల్ ఆసుపత్రికి వెళ్లిన పిమ్మట ప్రయత్నించినారు. ఒత్తిడిని కనిపెట్టు చేతి తొడుగులు చేసి, అపాయము కలిగినప్పుడు చెవిలో శబ్దము వచ్చునట్లు, పిదప కరెంటు షాకు తగులునట్లు అమర్చినారు. కాని తొందర పని ఉన్నప్పుడు రోగులు దానిని ఆపివేయుచుండిరి. మనిషి తన ఇష్టప్రకారము ఆపగల నొప్పి, నొప్పి పని చేయదు. ఆ ప్రయత్నము మానుకొన్నారు. 1993లో అచ్చైన ఆయన పుస్తకములో నొప్పిని ఎవరును కోరని వరము అన్నారు. బ్రాండ్ గారు 2003లో కన్నుమూసినారు.

అయితే అవ్వ ప్రశ్న ఇంకను మిగిలియున్నది. నొప్పి వరమైతే, స్పర్శ పోయిన కాలిలో మంట ఏమిటి?

ఇందుకు జవాబు మొదట మరియొక దేశమున, మరియొక బాధలో దొరకినది. అమెరికా అంతర్యుద్ధములో తుపాకి గుండ్లు నరములకు తగిలిన సైనికులను ఫిలడెల్ఫియాలో వైర్ మిచెల్ అను వైద్యుడు పరీక్షించినాడు. గాయము మానినను కాలునట్టి మంట పోని వారిని గురించి అతడును, తోటి వైద్యులును 1864లో పుస్తకము ప్రకటించినారు. ఆ సైనికులు ఎల్లప్పుడు చేతికి తడిబట్ట చుట్టుకొనుచుండిరి, బూట్లలో నీళ్లు పోసికొనుచుండిరి. మన అవ్వ రాత్రివేళ తడిగుడ్డ కాలికి చుట్టుకొని పడుకొనునని ఆమె కూతురు తరువాత చెప్పినప్పుడు, మాకు ఆ సైనికులే జ్ఞాపకము వచ్చినారు.

నరము మన శరీరములో తీగవంటిది. తీగ తెగినచోట దీపము ఆరిపోవును, అదే స్పర్శ పోవుట. కాని తీగ పూర్తిగా తెగక, పై తొడుగు చినిగిపోయినచో, ఎవరు మీట నొక్కకున్నను నిప్పురవ్వలు లేచును. చెడిన నరము అట్లే గాయము లేకున్నను గాయమైనదని మెదడుకు అబద్ధపు వార్త పంపుచుండును. కుష్ఠు క్రిమి చల్లని చోటు కోరును గనుక చర్మమునకు దగ్గరగా పోవు నరములలో, మోచేతి దగ్గర, మోకాలి ప్రక్కన, చీలమండ దగ్గర చేరును. శరీరము దానితో పోరాడునప్పుడు నరము వాచి, గట్టి తొడుగులో నలిగి చెడును. క్రిమి చచ్చిన తరువాత కూడ ఈ వాపు రావచ్చును. నరములో సలుపు, కొత్తగా తిమ్మిరి, చేతిలో బలహీనత కలిగిన వెంటనే, ఆరు నెలలు దాటక మునుపే, వైద్యుని యొద్దకు పోయినచో స్టెరాయిడ్ మాత్రలతో నరమును చాలవరకు కాపాడవచ్చును.

1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు మరియొక సంగతి చెప్పినారు. నొప్పి వార్త మెదడుకు తిన్నగా పోదు, వెన్నుపాములో దానికొక వాకిలి ఉన్నది. మెదడు నుండి వచ్చు వార్తలు కూడ ఆ వాకిలిని తెరచును, మూయును. నిద్రలేమి, భయము, ఒంటరితనము నొప్పిని ఏల పెంచునో, మంచి మాట, తోడు ఏల తగ్గించునో ఇందువలన కొంత అర్థమైనది. అనగా నొప్పి కల్పితమని కాదు. నొప్పి ఎంత నిజమో, మనిషికి తోడు కావలెననుట అంత నిజము.

ఈ నరాల మంటకు మామూలు నొప్పి మాత్రలు అంతగా పనిచేయవు. మొదట మనోవ్యాకులతకు వాడిన అమిట్రిప్టిలిన్, మూర్ఛకు వాడిన గాబాపెంటిన్ వంటివి ఇందుకు ఇచ్చుచున్నారు. అందరికిని పనిచేయవు, పనిచేసినను మంట పూర్తిగా పోవుట అరుదు, కాని రాత్రి నిద్రపట్టునంత తగ్గినచో అది చిన్న మేలు కాదు. అవ్వకు ఒక వైద్యుడు ఈ మాత్రలు వ్రాసినాడు. "ఇవి పిచ్చికి ఇచ్చు మాత్రలు" అని ఎవరో చెప్పగా ఆమె మానివేసినది. చెప్పినది మన సంఘస్థులే. దయచేసి అట్టి మాట ఎవరితోను అనవద్దు. వైద్యుడు చెప్పక మాత్రలు మొదలుపెట్టనువద్దు, మాననువద్దు.

ఇక కుష్ఠు విషయము. ఒక్క డాప్సోన్‌కు క్రిమి లొంగకపోవుట చూచి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, క్లోఫాజిమిన్, డాప్సోన్ కలిపి ఇయ్యవలెనని నిర్ణయించినది. వ్యాధి తీరునుబట్టి ఆరు నెలలు గాని, సంవత్సరము గాని తినిన చాలును. 2005 చివరకు మన దేశములో పదివేల మందికి ఒకరికంటె తక్కువ రోగులున్న స్థితి వచ్చినది. కుష్ఠు రోగులను బంధించు 1898 నాటి చట్టము 2016లో రద్దయినది. కుష్ఠును విడాకులకు కారణము చేయు నియమము 2019లో తొలగినది. అయినను 2023లో కూడ మన దేశములో లక్షమందికి పైగా క్రొత్త రోగులు కనబడినారు. నయమైనవారిలో నరములు చెడినవారి లెక్క వేరు.

ఇది కుష్ఠు బాధితుల కథ మాత్రమే అనుకొనవద్దు. షుగరు వ్యాధి వచ్చిన పెద్దలు మన బల్లలలో ఎందరున్నారు? వారి పాదములకును ఇదే రెండంచుల కష్టము: తిమ్మిరి ఒక ప్రక్క, మంట ఒక ప్రక్క. కుష్ఠు ఆసుపత్రులలో పుండ్లు మాన్పుటకు నేర్చిన పిండికట్టు, మెత్తని చెప్పు, ప్రతి దినము పాదము చూచుకొను అలవాటు, ఇవే ఇప్పుడు షుగరు రోగుల పాదములను కాపాడుచున్నవి. ఎవరిని ఊరి బయట ఉంచితిమో వారి పాదముల నుండి నేర్చిన పాఠము మన పాదములను కాపాడుచున్నది.

ఇప్పుడు మా తప్పును ఒప్పుకొనవలెను. ఒక మట్టల ఆదివారమున మనమందరము మట్టలు పట్టుకొని, దేవాలయము చుట్టు పాటలు పాడుచు తిరిగితిమి. మన అలవాటు ప్రకారము చెప్పులు వాకిట విడిచితిమి. అవ్వ కూడ ఆసుపత్రివారు ఇచ్చిన ఎం.సి.ఆర్. చెప్పులు విడిచి మనతో నడిచినది. షాబాదు బండలు కాలుచుండగా మనము గబగబ నీడకు పోతిమి. ఆమెకు తెలియదు, నెమ్మదిగా నడిచినది. సాయంత్రము కూతురు చూచువరకు పాదములు బొబ్బలెక్కిన సంగతి ఎవరును ఎరుగరు. రెండు నెలలు ఆసుపత్రిలో ఉన్నది. ఆమెను చెప్పులు విడువమని ఎవరును అడుగలేదు, విడువవద్దనియు ఎవరును చెప్పలేదు.

ఆసుపత్రిలో ఆమెను చూడబోయి, ఇక్కడ వ్రాసినదంతయు మాకు చేతనైన మాటలలో చెప్పితిమి. తెగిన తీగ, చినిగిన తీగ అని చెప్పగా శ్రద్ధగా విన్నది. తరువాత, "అయితే నేను అబద్ధం చెప్పలేదన్నట్టు" అన్నది. మంట తగ్గలేదు, కాని ఆ మాట చెప్పునప్పుడు ఆమె ముఖము వేరుగా ఉండెను.

ఈ శతాబ్ది సంవత్సరమున మన పాస్టరేట్ కమిటీవారికి మా మనవి ఒక్కటే, దానికి ఖర్చు లేదు. పాదములలో స్పర్శ లేనివారు, అది కుష్ఠు వలననైనను, షుగరు వలననైనను, చెప్పులతోనే లోనికి వచ్చి కూర్చుండవచ్చునని, బల్లయొద్దకు కూడ అట్లే రావచ్చునని ప్రకటన చేయించవలెను. వాకిట ప్రకటన పలకపై ఆ ఒక్క వాక్యము వ్రాయించవలెను. అవ్వకు చదువు రాదు. మేము చదివి వినిపింతుము.