తాతయ్య గోడగడియారం, ఆకాశంలో అణుగడియారం

నా టేబుల్ మీద ఈ అల్యూమినియం డబ్బా కనిపిస్తోంది కదా, దీన్ని నేనే ఇంట్లో కట్టాను. పేరు జీపీఎస్ డిసిప్లిన్డ్ ఆసిలేటర్. దీంట్లోంచి వచ్చే సిగ్నల్ సెకనుకి సరిగ్గా కోటి సార్లు కొట్టుకుంటుంది, అంటే 10 మెగాహెర్ట్జ్. సరే, "సరిగ్గా" అని ఎవరు చెప్పారు? ఈ రోజు కథంతా ఆ ఒక్క మాట గురించే.

మా తాతయ్య దగ్గర ఒక లోలకం గడియారం ఉండేది. రేడియోలో వార్తలు మొదలవగానే దాని వైపు చూసేవారు. రెండు నిమిషాలు వెనకబడితే ముల్లు తిప్పి ఊరుకునేవారు కాదు. లోలకం కింద ఉండే చిన్న నట్టుని కొంచెం పైకి తిప్పేవారు. మళ్ళీ నాలుగు రోజులు ఆగి చూసేవారు. రోజూ తిప్పితే గడియారం పాడవుతుందిరా అనేవారు. ముల్లుని కాదు, నడకని సరిచేయాలి. నా డబ్బా చేసే పని కూడా అచ్చంగా అదే. నట్టు బదులు వోల్టేజీ, వార్తల బదులు ఉపగ్రహం.

కొంచెం వెనక్కి వెళ్దాం. 1927లో అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో వారెన్ మారిసన్, హోర్టన్ కలిసి క్వార్ట్జ్ స్ఫటికంతో గడియారం చేశారు. స్ఫటికం మంచిదే. కానీ వేడెక్కితే మారుతుంది, వయసైతే మెల్లగా జారిపోతుంది. 1955లో ఇంగ్లండ్‌లోని నేషనల్ ఫిజికల్ లాబొరేటరీలో లూయీ ఎసెన్, జాక్ ప్యారీ సీజియం అణువుతో గడియారం నడిపారు. అణువుకి వయసు రాదు కదా. అందుకే 1967లో సెకను అంటే ఏంటో కొత్తగా నిర్వచించారు: సీజియం నుంచి వచ్చే ఒక తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగేంత సేపు.

ఆ గడియారాన్ని ఆకాశంలోకి పంపితే ఏమైందో వినండి, నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది. 1977 జూన్‌లో ఎన్‌టీఎస్-2 అనే ఉపగ్రహం సీజియం గడియారంతో పైకి వెళ్ళింది. ఐన్‌స్టీన్ లెక్క ప్రకారం అంత ఎత్తులో గడియారం రోజుకి సుమారు 38 మైక్రోసెకన్లు ముందుకి పోవాలి. ఆ లెక్క మీద కొంతమందికి నమ్మకం లేదు! అందుకని సవరించే సర్క్యూట్ పెట్టి, దాన్ని ఆఫ్‌లో ఉంచి పంపారు. ఓ 20 రోజులు చూశారు. గడియారం దాదాపు ఐన్‌స్టీన్ చెప్పినంతే ముందుకి పోయింది. అప్పుడు స్విచ్ వేశారు. 38 మైక్రోసెకన్లే కదా అనుకోకండి, ఆ సమయంలో కాంతి 11 కిలోమీటర్లు పోతుంది.

1978లో మొదటి జీపీఎస్ ఉపగ్రహం ఎగిరింది. అది సైన్యం సొత్తు. మనలాంటి మామూలు జనానికి వచ్చే సిగ్నల్‌ని కావాలనే చెడగొట్టేవారు. లొకేషన్ 100 మీటర్ల దాకా తప్పేది. టైమ్ కూడా అటూ ఇటూ వణికేది. ఆ వణుకుతున్న రోజుల్లోనే, 1998 జులైలో, అమెరికా హ్యామ్ పత్రిక క్యూఎస్‌టీలో బ్రూక్స్ షెరా ఒక డిజైన్ ప్రచురించారు. ఒక స్ఫటికం, ఒక జీపీఎస్ రిసీవర్, ఒక చిన్న మైక్రోకంట్రోలర్. సెకనుకోసారి ఉపగ్రహం నుంచి వచ్చే పల్స్‌తో స్ఫటికాన్ని పోల్చడం, గంటల తరబడి సగటు తీయడం, తర్వాత మాత్రమే కొంచెం వోల్టేజీ మార్చడం. ఎంత వణికినా సగటులో వణుకు పోతుంది. సైన్యం చెడగొట్టిన సిగ్నల్‌లోంచి ఇంట్లో కూర్చుని మంచి ఫ్రీక్వెన్సీ రాబట్టొచ్చు అన్నమాట. నా దృష్టిలో అసలు విజయం అదే. 2000 మేలో ఆ చెడగొట్టడం ఆపేశారు, పని ఇంకా తేలికైంది.

ఇక నా సంగతి. పాత టెలికాం పరికరాల్లోంచి పీకిన సెకండ్‌హ్యాండ్ స్ఫటికం కొన్నాను. దాన్ని లోపలే చిన్న హీటరు ఒకే వేడిలో ఉంచుతుంది. రిసీవర్ యాంటెన్నా డాబా మీద పెట్టాను. రెండు వారాలు పట్టింది. కౌంటర్‌కి కలిపి చూస్తే 10 పక్కన అన్నీ సున్నాలే, ఒక్క అంకె కదలట్లేదు! ఎగిరి గంతేసి మా హ్యామ్ పెద్దాయనకి ఫొటో పంపాను. ఆయన ఒకటే అడిగారు: "బాబూ, ఆ కౌంటర్‌కి రిఫరెన్స్ ఎక్కడి నుంచి ఇచ్చావు?"

నా డబ్బా నుంచే ఇచ్చాను. అంటే నా పేపర్ నేనే దిద్దుకుని నూటికి నూరు వేసుకున్నట్టు. సిగ్గేసింది.

తర్వాత ఆయన దగ్గరే ఒక రుబీడియం గడియారం అరువు తెచ్చుకుని, రాత్రంతా రెండిటి మధ్య తేడా రికార్డు చేశాను. 1,000 సెకన్లలో 100 నానోసెకన్లు జరిగితే వెయ్యి కోట్లలో ఒక వంతు తప్పు. అదే జరుగుడుకి ఒక రోజంతా పడితే తప్పు లక్ష కోట్లలో ఒక వంతు దగ్గరికి వస్తుంది. నా గ్రాఫ్‌లో ఏదో అల కనిపించింది. ఉపగ్రహం తప్పనుకున్నా, ప్రోగ్రామ్ తప్పనుకున్నా. చివరికి చూస్తే సీలింగ్ ఫ్యాన్. డబ్బా మీద గాలి తగులుతోంది! థర్మాకోల్ పెట్టెలో పెట్టాక అల పోయింది. ఇంకో మాట, రుబీడియం కూడా నెలల మీద జారుతుంది. అందుకే గంటల తీర్పు దానిది, నెలల తీర్పు ఉపగ్రహానిది.

మరి ఉపగ్రహమే తప్పు చెబితే? చెప్పింది కూడా. 2016 జనవరి 26న ఒక పాత జీపీఎస్ ఉపగ్రహాన్ని సేవల్లోంచి తప్పించారు. ఆ పనిలో కొన్ని ఉపగ్రహాలకి టైమ్ సవరణ డేటా తప్పుగా వెళ్ళింది. తేడా 13 మైక్రోసెకన్లు. మ్యాపులు బాగానే పనిచేశాయి, కానీ టెలికాం నెట్‌వర్క్‌ల్లో అలారాలు మోగాయి, బ్రిటన్‌లో బీబీసీ డిజిటల్ రేడియోకి ఇబ్బంది వచ్చింది. నా డబ్బా లెక్కలో 13 మైక్రోసెకన్లంటే 130 ఊపులు. గుడ్డిగా నమ్మే డబ్బా అయితే స్ఫటికాన్ని లాక్కుపోతుంది. అది చదివాక నా ప్రోగ్రామ్‌లో ఒక షరతు రాశాను: పల్స్ ఒక్కసారిగా దూకితే నమ్మకు, పాత వోల్టేజీ పట్టుకుని కూర్చో.

మన దేశం కూడా ఈ కష్టం చూసింది. మన నావిక్ వ్యవస్థ మొదటి ఉపగ్రహం 2013 జులై 1న శ్రీహరికోట నుంచి వెళ్ళింది. అందులో విదేశాల నుంచి తెప్పించిన మూడు రుబీడియం గడియారాలు ఉండేవి. మూడూ ఆగిపోయాయి. ఉపగ్రహం బతికే ఉంది, టైమ్ మాత్రం చెప్పలేదు. అహ్మదాబాద్‌లోని ఇస్రో కేంద్రంలో సొంతంగా రుబీడియం గడియారం తయారుచేశారు. 2023 మే 29న అదే శ్రీహరికోట నుంచి ఎన్‌వీఎస్-01 దాన్ని మోసుకెళ్ళింది.

నావిక్‌ని కూడా పట్టే టైమింగ్ రిసీవర్ ఒకటి ఆర్డర్ పెట్టాను. వచ్చాక ఆ పల్స్, జీపీఎస్ పల్స్ పక్కపక్కన పెట్టి వారం రోజులు రికార్డు చేస్తా. ఫ్యాన్ ఆఫ్ చేసి.