చక్రముల మీది ఇంటికి చల్లగాలి

మే నెలలో మేళ్లచెరువులో ఎండన నిలిపిన బస్సు ఎక్కినవారికి వేరుగా చెప్పనక్కరలేదు: రేకు పెట్టె ఇంటికన్న త్వరగా కాగును. మంచము, పొయ్యి అమర్చిన మోటారు ఇంటికిని ఈ చిక్కే.

మన దేశమున రైళ్లు దీనిని ముందే ఎదుర్కొన్నవి. మన ఇండ్లలోవలెనే పెట్టెల కిటికీలకు తడిపిన వట్టివేళ్ల తడికలు కట్టిరి. నీరు ఆవిరియగుచు గాలిలోని వేడిని గ్రహించును. ఉక్కపోతలో మాత్రము ఈ ఉపాయము పారదు. 1934లో బొంబాయి, పెషావరుల నడుమ తిరిగిన ఫ్రాంటియర్ మెయిలులో పెట్టె అడుగున మంచుగడ్డలు పేర్చి, వాటి చల్లదనమును పంకాలతో లోనికి పంపిరి. కరిగినకొలది దారి స్టేషన్లలో క్రొత్త గడ్డలు నింపవలసివచ్చెడిది.

నేటి యంత్రములను కొలుచుటయు మంచు లెక్కనే. “ఒక టన్ను” యంత్రపు బరువు కాదు (తరగతిలో ఎవరో ఒకరు తప్పక అడుగుదురు). 907 కిలోగ్రాముల మంచు, అనగా అమెరికా టన్ను, 24 గంటలలో కరుగుచు ఎంత వేడిని పీల్చునో అంత వేడిని తొలగించు సామర్థ్యమది, సుమారు 3.5 కిలోవాట్లు.

టన్నులు హెచ్చిన మేలనుకొనుట పొరపాటు. అవసరమునకు మించిన యంత్రము గాలిని చప్పున చల్లార్చి ఆగిపోవును, తేమ మిగిలిపోవును. కరెంటు లెక్క మరింత కఠినము. టన్ను యంత్రమునకు సుమారు 1.2 కిలోవాట్లు కావలెను; 12 వోల్టుల బ్యాటరీనుండి అది 100 ఆంపియర్లు. 100 ఆంపియర్-గంటల బ్యాటరీ గంటసేపైనను సరిగా నిలువదు. అందుచే మొదట కప్పు క్రింద వేడి నాపు పొర వేయించి, కిటికీలకు తెరలు కట్టి, మిగిలిన వేడికే యంత్రము నెంచవలెను. రైలువారికి స్టేషనులో మంచు దొరకెను. రాత్రి ఆగుచోట మనకు ప్లగ్గు దొరకునా యని ముందే విచారించుకొనవలెను.