పొగగొట్టం లేని వంటిల్లు

1905లో మద్రాసు నుంచి వెలువడే 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' అనే ఇంగ్లిషు పత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' కథ అచ్చయింది. రాసింది భాగల్పూర్‌లో కాపురముంటున్న బెంగాలీ ముస్లిం ఇల్లాలు, రొకేయా సఖావత్ హుస్సేన్. ఆ కథలోని దేశంలో ఆడవాళ్లు రాజ్యమేలుతారు, మగవాళ్లు ఇళ్లలో పరదా చాటున ఉంటారు. పొలాలు కరెంటుతో దున్నుతారు. మబ్బుల్లోంచి నీళ్లు తోడే బెలూన్ ఉంది, గాల్లో తిరిగే బండి ఉంది.

నేను మాత్రం ఎప్పుడు చదివినా వంటింటి దగ్గరే ఆగిపోతాను. అక్కడ బొగ్గు లేదు, నిప్పు లేదు, పొగగొట్టమూ లేదు. ఎండ వేడిని పట్టి తెచ్చుకుని వండుకుంటారు. పొగచూరిన గోడల మధ్య బతుకు వెళ్లదీసే ఆడవాళ్లను ఎరిగున్న మనిషికే తట్టే ఊహ అది. ఎంత గొప్ప విజ్ఞానమైనా ముందు పొయ్యి దగ్గరికి రావాలని ఆమె కోరుకుంది.

ఐదేళ్ల వయసు నుంచే పరాయి ఆడవాళ్ల కంటపడకుండా దాక్కుంటూ పెరిగింది రొకేయా. అన్నయ్య చాటుగా ఇంగ్లిషు నేర్పాడు. భర్త పోయాక, 1911లో కలకత్తాలో ఎనిమిది మంది ఆడపిల్లలతో బడి పెట్టింది. తర్వాత ఆ బడికి గాలి చొరకుండా మూసిన బస్సు వచ్చింది. అందులో పిల్లలు స్పృహ తప్పారు. తలుపులు తీయించి తెరలు కట్టిస్తే, గాలికి తెరలు ఎగిరి పరదా పోతోందని బెదిరిస్తూ ఉత్తరాలొచ్చాయి.