ప్రాక్సీ సర్వరు నిర్వహణ: ఆపడం నుంచి అప్పగించడం వరకు

ఒక కార్యాలయంలోని వారందరూ ఒకే యంత్రం ద్వారా ఇంటర్నెట్‌కు వెళుతున్నారనుకోండి. ఆ యంత్రమే ప్రాక్సీ సర్వరు. దాన్ని మరమ్మతుకు ఆపితే ఎవరి కంప్యూటరూ చెడిపోకపోయినా అందరి పనీ నిలిచిపోతుంది. ఆఖరి గంటలో పరీక్ష దరఖాస్తు పంపుతున్న విద్యార్థి ఆ పది నిమిషాల వల్ల ఒక సంవత్సరం కోల్పోవచ్చు. అలాగని మరమ్మతు వాయిదా వేస్తే భద్రతా లోపాలు అలాగే మిగిలిపోతాయి. ఈ చిక్కును దశలవారీగా ఎలా విప్పుకుంటూ వచ్చారో ఇప్పుడు పరిశీలిద్దాం.

1994 మే నెలలో జెనీవాలో జరిగిన మొదటి వరల్డ్ వైడ్ వెబ్ సదస్సులో ఆరి లువోటోనెన్, కెవిన్ ఆల్టిస్ వెబ్ ప్రాక్సీలపై పత్రం సమర్పించారు. ఫైర్‌వాల్ లోపలివారికి వెబ్‌ను అందించడం, ఒకసారి తెచ్చిన పేజీని దాచి మళ్లీ ఇవ్వడం ప్రాక్సీ పనులు. 1996లో హార్వెస్ట్ పరిశోధన నుంచి పుట్టిన స్క్విడ్ ఈ పద్ధతిని విస్తృతంగా వ్యాప్తి చేసింది. ద్వారం ఒక్కటే కావడం వల్ల అదుపు సులువైంది. అయితే ఆ ద్వారం మూస్తే వేరే దారి లేకుండా పోయింది.

మొదటి పరిష్కారం బ్రౌజరులో వచ్చింది. 1996లో నెట్‌స్కేప్ నావిగేటర్ 2.0 ఒక చిన్న ఫైలు చదివి, అందులోని ప్రాక్సీలను వరుసగా ప్రయత్నించేది. మొదటిది పలకకపోతే రెండోదానికి వెళ్లేది. పలకని ప్రాక్సీని 30 నిమిషాల తరువాత మళ్లీ ప్రయత్నించేది. ఇక్కడ నిరీక్షణ భారం వినియోగదారుడిదే అని గమనించండి.

రెండో దశలో ఆ భారం నెట్‌వర్క్‌పైకి మారింది. 1998లో ప్రమాణంగా వెలువడిన వీఆర్ఆర్‌పీ ప్రకారం రెండు రౌటర్లు ఒకే ఐపీ చిరునామాను పంచుకుంటాయి. ప్రధాన యంత్రం సెకనుకొకసారి తన ఉనికిని ప్రకటిస్తుంది. ఆ ప్రకటనలు ఆగిపోతే నాలుగు సెకన్లలోపే రెండోది బాధ్యత తీసుకుంటుంది. ప్రధాన యంత్రం తానే తప్పుకోదలిస్తే ప్రాధాన్యం 0 అని ప్రకటిస్తుంది. అప్పుడు ఒక సెకను కూడా పట్టదు. అంటే హఠాత్తుగా చెడిపోవడం వేరు, చెప్పి తప్పుకోవడం వేరు అని ఈ ప్రమాణం ముందే గుర్తించింది. తరువాత కీప్‌అలైవ్‌డి వంటి సాధనాలు ఈ పద్ధతిని లైనక్స్ సర్వర్లకూ తెచ్చాయి.

అయినా ఒక లోటు మిగిలింది. చిరునామా మారినా, సగంలో ఉన్న కనెక్షన్ల వివరాలు పాత యంత్రంలోనే ఉండిపోతాయి. అందుకే మూడో దశలో కొత్తవారిని ఆపి పాతవారి పని పూర్తి కానిచ్చే పద్ధతి వచ్చింది. ఆపమని ఆదేశిస్తే స్క్విడ్ మామూలుగా 30 సెకన్ల గడువిస్తుంది. ఈ గడువు చాలకపోతే పెంచుకోవచ్చు. టికెట్ కౌంటరు మూసే ముందు వరుసలో ఉన్నవారికి టికెట్లిచ్చి, కొత్తగా వచ్చినవారిని పక్క కౌంటరుకు పంపడం వంటిదే ఇది.

వెబ్‌సైట్ల ముందు నిలిచే రివర్స్ ప్రాక్సీలు మరో అడుగు వేశాయి. 2004లో విడుదలైన ఎన్‌జిన్ఎక్స్‌లో కొత్త ప్రోగ్రామును ప్రారంభించి, పాతదాన్ని పని ముగిశాక తప్పించే వీలుంది. హెచ్ఏప్రాక్సీలో ఈ మార్పు జరిగే లిప్తపాటులో కొన్ని కొత్త కనెక్షన్లు తెగేవి. 2017లో వచ్చిన 1.8 వెర్షనులో, తెరిచి ఉన్న సాకెట్లనే కొత్త ప్రాసెస్ పాతదాని నుంచి అందుకునే ఏర్పాటు చేశారు.

ఈ క్రమంలో యంత్రాల సంఖ్య పెరగడం కన్నా ముఖ్యమైన మార్పు ఒకటుంది. అది అప్పగింత మెరుగుపడటం. రెండో యంత్రం ఉన్నంత మాత్రాన సేవ నిలవదు. మొదటిది ఎప్పుడు, ఏ క్రమంలో తప్పుకోవాలో ముందే నిర్ణయించి ఉండాలి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: చిరునామా మరో యంత్రానికి మారినా, సగంలో ఉన్న డౌన్‌లోడ్ ఎందుకు తెగిపోతుంది? మీ సొంత మాటల్లో వివరించండి.