సెమికోలన్ పెట్టిన తగువు

1998 నవంబరు 22న వాజ్‌పేయి గారు మాదాపూర్ బండల మధ్య సైబర్ టవర్స్ ప్రారంభించిన రోజున నేను అమీర్‌పేటలో హార్డ్‌వేర్ కోర్సు నేర్చుకుంటున్నాను. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌లో డెవలప్‌మెంట్ సెంటర్ తెరిచిందీ ఆ ఏడాదే. తమాషా ఏమిటంటే, ఆ కంపెనీ వచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్న రోజుల్లోనే, చిన్న ఆఫీసులు కంప్యూటర్ కొంటే ఎమ్మెస్ ఆఫీస్ ‘ఫ్రీ’గా వచ్చేది. అంటే అసెంబుల్ చేసిన కుర్రాడు తన బ్యాగులోని సీడీతో ఎక్కించి పోయేవాడు. సీడీ మీద మార్కర్‌తో పేరు, కవరు వెనక సీరియల్ నంబరు. నేనూ ఎన్నో ఎక్కించాను. దొంగతనమని తట్టేది కాదు, అసెంబ్లీ చార్జీలో అదీ ఒక భాగమనుకునేవాళ్ళం.

నిజంగా ఫ్రీ అయిన ఆఫీస్ పుట్టుక వేరే. జర్మనీలో మార్కో బోరీస్ టీనేజీలో ఉండగానే 1985లో పెట్టిన స్టార్ డివిజన్ కంపెనీ నుంచి స్టార్ఆఫీస్ వచ్చింది. దాన్ని 1999లో సన్ మైక్రోసిస్టమ్స్ కొని, మరుసటి ఏడాది అక్టోబరు 13న సోర్స్ కోడ్ జనానికి వదిలేసింది. 2002లో ఆ కోడ్‌తోనే ఓపెన్ఆఫీస్ 1.0 వచ్చింది. మేమూ సరదాగా ఎక్కించి చూసి, వారం తిరక్కముందే తీసేసేవాళ్ళం. దొంగ సీడీ చేతిలో ఉన్నవాడికి ఫ్రీ ఎందుకు?

2009 జనవరి 7న, కంపెనీ లెక్కలు తప్పుడువని ఒప్పుకుంటూ సత్యం రామలింగరాజు గారు రాసిన ఉత్తరం బయటపడింది. ఆ తర్వాత మాదాపూర్‌లో రెండు మాటలు ఎక్కువగా వినపడ్డాయి: ఆడిట్, ఖర్చు. అప్పటికి నేను పనిచేస్తున్న కంపెనీలో అరవై మిషన్లు. లైసెన్స్ కాగితాలు చూపించమని విదేశీ క్లయింటు అడిగితే మా దగ్గర ఉన్నవి రెండు. “కొందామా, మానేద్దామా?” అన్నారు ఎండీ గారు. మానేయగలిగామంటే కారణం ఒకటే. అంతకు ముందు అక్టోబరులో వచ్చిన ఓపెన్ఆఫీస్ 3.0, 2007 ఆఫీస్ తెచ్చిన డాక్స్ ఫైళ్ళను తెరవగలదు. అది లేకపోతే క్లయింటు పంపిన మొదటి మెయిల్ దగ్గరే ఆగిపోయేవాళ్ళం.

శనివారం రాత్రి మొదలుపెట్టి ఆదివారం సాయంత్రానికి యాభై ఎనిమిది మిషన్లు మార్చాను. సోమవారం పది గంటలకు అకౌంట్స్ మేడం ఫోన్.

“తమ్ముడూ, నా వీలుకప్ ఫార్ములా చచ్చిపోయింది.”

వెళ్ళి చూస్తే పాత షీట్లన్నీ నిక్షేపంగా ఉన్నాయి. కొత్తగా ఫార్ములా కొడితేనే ఎర్రర్. ఎక్సెల్‌లో కామా పెట్టే చోట అప్పటి ఓపెన్ఆఫీస్ కాల్క్‌లో సెమికోలన్ పెట్టాలి. అంతే తేడా. కానీ ఆవిడ వేళ్ళకు పదేళ్ళ అలవాటు. “కామాకేం రోగం?” అని నిలదీశారు. నా దగ్గర జవాబు లేదు. పసుపు రంగు చీటీ మీద సెమికోలన్ ఎంత పెద్దగా పడితే అంత పెద్దగా రాసి మానిటర్‌కు అంటించాను. జీతాల షీట్‌లోని మాక్రోలు మాత్రం ఎంత కుస్తీ పట్టినా నడవలేదు. అందుకే లైసెన్స్ ఉన్న ఆ రెండు మిషన్లనూ కదిలించలేదు.

అసలు పరీక్ష తెలుగుతో వచ్చింది. మా బిల్డింగ్ ఓనరు పాత మాదాపూర్ వాసి. అద్దె ఒప్పందం తెలుగులో ఉండాలని పట్టు. ఆయన తెచ్చిన డీటీపీ ఫైలు మా మిషన్లో తెరిస్తే అన్నీ ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. ఆ ఫైలులో ఉన్నది తెలుగు కాదు, తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లిషు కోడ్. ఫాంట్ తీసేస్తే వేషం ఊడిపోతుంది. సరే అని యూనికోడ్‌లో, పోతన ఫాంట్‌తో మళ్ళీ కొట్టించాను. రిసెప్షన్‌లోని లైనక్స్ మిషన్లో ఆయన పేరులోని ‘క్ష్మ’ కాస్తా ముక్కలై, మకారం కిందికి దిగకుండా పక్కన నిలబడింది. “నా పేరే ఖరాబు జేస్తివి గదా బిడ్డా!” అన్నాడు పెద్దాయన. ఆ ఒక్క పేజీ విండోస్ మిషన్లో ప్రింటు తీసి సంతకం పెట్టించాం.

2010లో సన్‌ను ఒరాకిల్ కొనేసింది. సెప్టెంబరు 28న ఓపెన్ఆఫీస్ డెవలపర్లు కొందరు విడిపోయి లిబ్రెఆఫీస్ మొదలుపెట్టారు. మేమూ వాళ్ళ వెంటే వెళ్ళాం. తెలుగు పక్షాన మన ఊళ్ళో స్వేచ్ఛ సంస్థవాళ్ళు, ఎక్కువగా ఇంజనీరింగ్ పిల్లలు, తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పనిచేస్తూ వచ్చారు. అద్దాల మేడల కంటే ఆ పిల్లలే తెలుగుకు ఎక్కువ చేశారని నా అభిప్రాయం. 2017లో లిబ్రెఆఫీస్ 5.3 అక్షరాలు పేర్చే పనిని అన్ని సిస్టమ్‌లలోనూ హార్ఫ్‌బజ్ అనే ఇంజన్‌కు అప్పగించింది. ఆ పేరు పర్షియన్. హర్ఫ్ అంటే అక్షరం, బాజ్ అంటే తెరిచి ఉన్నది. ఉర్దూ వచ్చిన హైదరాబాదీకి ఆ మొదటి మాట విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ ఏడాది అద్దె ఒప్పందాన్ని లైనక్స్ మిషన్లోనే ప్రింటు తీశాం. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని తన పేరు రెండుసార్లు చదువుకుని, ఏమీ అనకుండా సంతకం పెట్టాడు.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో పాత డీటీపీ ఫాంట్లలో కొట్టిన తెలుగు ఫైళ్ళు ఉంటే, ఆ ఫాంట్ ఉన్న మిషన్ ఇంకా ఆన్ అవుతుండగానే యూనికోడ్‌లోకి మార్చి పెట్టుకోండి.